హిమసీమలో ప్రేమకు పరీక్ష

జంషెడ్‌పూర్‌లోని గోవింద్‌పూర్ వంటి చోట, వేసవి వడగాడ్పుల నడుమ, మంచుదేశపు కథ చదవడంలో ఒక వింత ఆనందం ఉంది. అలిస్టర్ మెక్లీన్ 1959లో వెలువరించిన ‘నైట్ విదౌట్ ఎండ్’ అటువంటి నవల. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ నావికుడుగా ఆర్కిటిక్ సముద్రపు చలిని స్వయంగా చవిచూసిన రచయిత ఆయన.

గ్రీన్‌లాండ్ మంచుమైదానంలో ఒక విమానం కూలుతుంది. దాపునే పరిశోధన కేంద్రంలో ఉన్న డాక్టర్ మేసన్ ప్రయాణికులను కాపాడి తెస్తాడు. హంతకులు వారిలోనే ఉన్నారని పిమ్మట తెలుస్తుంది. బయటికి పోతే చలి చంపుతుంది; లోపల ఉంటే తోటిమనిషి చంపవచ్చు. విమాన పరిచారిక మార్గరెట్‌పై మేసన్‌కు అనురాగం ఈ అనుమానాల మధ్యనే అంకురిస్తుంది.

నగరంలో ప్రేమకు రూపం, హోదా, మాటకారితనం తోడుపడతాయి. హిమసీమలో వాటికి విలువ లేదు. ప్రాణాన్ని ఎవరి చేతిలో నిర్భయంగా పెట్టగలమన్నదే అక్కడి ప్రశ్న. పాఠకుణ్ణి చివరి పుట వరకు నడిపించేది ఆ ప్రశ్నే.