వార్తల్లో పదం: స్క్రూవార్మ్

న్యూ వరల్డ్ స్క్రూవార్మ్ ఒక పరాన్నజీవి ఈగ. జంతువుల గాయాల అంచున ఇది పెట్టే గుడ్ల నుంచి వచ్చే పురుగులు బతికున్న మాంసాన్నే తొలుచుకు తింటాయి. 1980ల నాటికే దీన్ని వదిలించుకున్న అమెరికాలో 2016లో ఇది మళ్లీ బయటపడింది, అదీ ఫ్లోరిడా కీస్ దీవుల అభయారణ్యంలో. మరెక్కడా కనిపించని పొట్టి జింకలు, ‘కీ డీర్’, 135 చనిపోయాయి. జింకల బాధ్యత కేంద్ర వన్యప్రాణి శాఖది, ఈగపై పోరు వ్యవసాయ శాఖది, పెంపుడు జంతువుల తనిఖీ రాష్ట్రానిది. మూడూ కలవక తప్పలేదు. అడవి జింకలన్నిటినీ పట్టి మందు వేయడం అయ్యే పని కాదు. అందుకే మందును రొట్టె ముక్కల్లో కలిపి తినిపించారు. అసలు ఆయుధం మాత్రం రేడియేషన్‌తో వంధ్యం చేసిన ఈగలే. ఆడ ఈగ సాధారణంగా ఒక్కసారే జతకడుతుంది. జతకట్టిన మగది వంధ్యమైతే గుడ్ల నుంచి పురుగులు రావు. పనామా నుంచి తెప్పించి దాదాపు 18.8 కోట్ల ఈగలను వదిలారు. 2017 మార్చిలో ఫ్లోరిడాలో నిర్మూలన పూర్తయినట్టు ప్రకటించారు.