మందగించిన కంప్యూటరు

కొనిన క్రొత్తలో గుఱ్ఱమువలె పరుగెత్తిన కంప్యూటరు నాలుగైదు సంవత్సరములు గడచునప్పటికి నత్తవలె నడచుట మనము చూచుచుందుము. మీట నొక్కి ఎంతసేపు వేచియున్నను తెర సిద్ధము కాదు. “ఇది ముసలిదైనది, పారవేసి వేఱొకటి కొందము” అని యింటివారు తలంతురు. కాని యంత్రమునకు మనుష్యునకు వలె వార్ధక్యము రాదు. దాని మందగమనమునకు కారణములు కలవు. వానిని కనుగొన్నచో పెక్కు సందర్భములలో స్వల్పవ్యయముతోనే దానిని మరల చక్కగా పనిచేయింపవచ్చును.

కంప్యూటరులో మూడు భాగములు ముఖ్యమైనవి. లెక్కలు చేయునది ప్రాసెసరు. అప్పటి పనికి కావలసిన సమాచారమును దగ్గఱ నుంచుకొనునది ర్యామ్. సమస్తమును భద్రముగా దాచునది డిస్కు. చదువుకొనుచున్న విద్యార్థి నొకనిని తలచుకొనుడు. అతని బుద్ధి ప్రాసెసరు; ముందున్న బల్ల ర్యామ్; గోడప్రక్క నున్న బీరువా డిస్కు. బల్లమీద చోటున్నంతవరకు పని చకచక సాగును. బల్ల నిండినచో ఒక పుస్తకమును బీరువాలో పెట్టి మరియొకటి తెచ్చుకొనవలసి వచ్చును. కంప్యూటరు కూడ అట్లే చేయును. ఈ రాకపోకలు మితిమీరినచో చదువుటకంటె పుస్తకములు మోయుటయే యెక్కువగును. 1968వ సంవత్సరమున పీటర్ డెనింగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ దుస్థితిని వివరించి, చాలీచాలని ర్యామ్ కొఱకు ఒకేసారి పెక్కు పనులు పోటీపడుటయే దీనికి కారణమని చూపెను.

బల్లకును బీరువాకును గల దూర మెంత? 1956లో ఐబీయం సంస్థ మొదటి హార్డుడిస్కును వెలువరించెను. హార్డుడిస్కులో బిళ్లలు గిరగిర తిరుగుచుండగా, ఒక చిన్న చేయి వానిపై కదలి సమాచారమును చదువును. ఇండ్లలోని కంప్యూటర్లలో ఈ బిళ్లలు సాధారణముగా నిమిషమునకు 5400 లేక 7200 సార్లు తిరుగును. అయినను కోరినచోటు దొరకుటకు సెకనులో సుమారు నూఱవ వంతు పట్టును. ర్యామ్‌కు పట్టు కాలము దానిలో సుమారు లక్షవ వంతు మాత్రమే. బల్లమీది పుస్తకమును తీయుటకు ఒక నిమిషము పట్టు ననుకొన్నచో, బీరువాలోని దానిని తెచ్చుటకు రెండు నెలలకు పైగా పట్టునన్నమాట! తిరుగు భాగములు లేని సాలిడ్ స్టేట్ డిస్కు ఆ పనినే ఒక దినములోపల చేయగలదు.

ఇక చికిత్స. వైద్యుడు నాడి చూడకుండ మందీయడు. మనమును అట్లే చేయవలెను. విండోస్ గల కంప్యూటరులో టాస్క్ మేనేజరు అను పట్టికను తెరచినచో ప్రాసెసరు, ర్యామ్, డిస్కులలో దేనిపై భార మెక్కువగా నున్నదో తెలియును. కంప్యూటరు తెరచినంతనే మనము పిలువకయే లేచి కూర్చుండు ప్రోగ్రాములను ఆపివేయవలెను. అక్కఱలేని వానిని తొలగించి డిస్కులో కొంత చోటు ఖాళీగా నుంచవలెను. వైరస్ ఉన్నదేమో పరీక్షింపవలెను. దుమ్ము పేరుకొని గాలి ఆడనిచో ప్రాసెసరు వేడెక్కి, తన్ను తాను కాపాడుకొనుటకై వేగమును తగ్గించుకొనును. కావున పంకాను శుభ్రపఱుపవలెను. వీనిలో పెక్కింటికి పైసా ఖర్చు లేదు.

అప్పటికిని ర్యామ్ చాలకున్నచో మరికొంత చేర్పింపవచ్చును. డిస్కు వలననే ఆలస్యమైనచో హార్డుడిస్కునకు బదులు సాలిడ్ స్టేట్ డిస్కును అమర్పింపవచ్చును. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ మార్చుటకు వీలుండదు గనుక ముందుగా విచారింపవలెను. ఏ మార్పు చేయుటకైనను ముందు ముఖ్యమైన ఫైళ్లకు నకళ్లు వేఱొకచోట దాచుకొనుట, పెట్టెను విప్పునప్పుడు విద్యుత్తును తొలగించి పెద్దల సాయము గొనుట మఱువరాదు.

ఎంత చేసినను బాగుపడని యంత్రములు లేకపోలేదు. కాని కారణ మెఱుగకుండ పారవేసినచో ధనము నష్టమగుటయే కాక, సీసము వంటి విషపదార్థములు గల చెత్త భూమిపై పెరుగును. క్రొత్తది కొనుటకు ముందు పాతదాని రోగమేమో తెలిసికొనుట వివేకవంతుల లక్షణము.