లీటరు పాల వెనుక ఎంత రక్తం?

పొద్దున్నే డికాక్షన్ దిగేసరికి పొయ్యిమీద పాలు పొంగాలి. అవి ప్యాకెట్ పాలయినా, గిన్నె పట్టుకెళ్లి పోయించుకున్నవయినా, ఆవు పొదుగులోకి ఎలా వచ్చాయో మనలో ఎంతమందిమి ఆలోచిస్తాం చెప్పండి? ఇంట్లో ఎన్నో ఏళ్లుగా పాడి ఉన్నా నేనూ ఆలోచించలేదు. గడ్డి తింటుంది, పాలిస్తుంది, అంతే అనుకునేదాన్ని. నాలుగో ఈతలో మా ఆవు ఈనిన మర్నాడు కూలబడినప్పుడు గానీ అసలు సంగతి తెలిసిరాలేదు.

ఎంత అదిలించినా లేవలేదు. మెడ పక్కకి తిప్పి డొక్కమీద ఆనించుకుంది. చెవులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. మా అత్తగారు దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోశారు. నేనేమో బెల్లం నీళ్లన్నా నోట్లో పోద్దామని సిద్ధమయ్యాను. అంతలో పశువుల డాక్టరుగారు వచ్చి, "ఈ స్థితిలో నోట్లో ఏం పోయకండమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు" అని ఆపారు. నరంలోకి కాల్షియం మందు నెమ్మదిగా ఎక్కించారు. కాసేపటికి ఒళ్లు వణికి, పేడ వేసి, మెల్లగా లేచి నిలబడింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

దాన్ని పాలజ్వరం అంటారట. పేరుకే జ్వరం గానీ ఒళ్లు కాలదు, చల్లబడుతుంది. ఈనగానే జున్నుపాలలోకి రక్తంలోని కాల్షియం బోలెడంత వెళ్లిపోతుంది. ఎముకల్లోంచీ మేతలోంచీ అంత తొందరగా తిరిగి సమకూరదు. దాంతో కండరాలు పట్టు తప్పి ఆవు కూలబడుతుంది. ఆ వేళ ఆలస్యం చేస్తే ఆవు దక్కదు.

పాలలో ఉన్నదంతా రక్తం మోసుకొచ్చిన సరుకే. ఒక లీటరు పాలు తయారవ్వాలంటే సుమారు 400 నుంచి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా పోవాలి. 400 కిలోల ఆవు ఒంట్లో ఉండే రక్తం ఓ 30 లీటర్లకు మించదు. మరి పది లీటర్లిచ్చే ఆవుకి 4,000 లీటర్లు ఎక్కడివంటారా? ఉన్న రక్తమే రాత్రీ పగలూ తిరిగి తిరిగి వస్తూ ఉంటుందన్నమాట.

అలాగని పాలల్లో రక్తం ఉంటుందని అనుమానపడకండి. పొదుగులోని సన్నటి కణాలు రక్తంలోంచి తమకు కావలసినవి మాత్రమే తీసుకుంటాయి. గ్లూకోజుతో పాలలోని చక్కెర తయారవుతుంది. ఆ చక్కెరే నీటిని లాగి పాల పరిమాణం పెంచుతుంది. మాంసకృత్తులూ, వెన్నా కూడా రక్తం తెచ్చిన ముడిసరుకుతో అక్కడే తయారవుతాయి. పొట్టకింద మెలికలు తిరిగి కనిపించే లావుపాటి నరాన్ని పాలనరం అంటాం కదా, అందులో పాలుండవు. పొదుగులో పని ముగించుకున్న రక్తం గుండెకు తిరిగివెళ్లే దారి అది.

ఆవు చేపడం కూడా రక్తం పుణ్యమే. దూడ కుడిచినా, మనం పొదుగు కడిగి నిమిరినా మెదడు నుంచి ఆక్సిటోసిన్ అనే హార్మోను రక్తంలో కలిసి పొదుగుకు చేరుతుంది. అప్పుడే పాలు కిందికి దిగుతాయి. దాని ప్రభావం కొద్ది నిమిషాలే. ఆవు బెదిరితే మరో హార్మోను విడుదలై రక్తనాళాలను బిగించేస్తుంది, చేపు ఆగిపోతుంది. తన్నిందని కొడితే నష్టం మనకే!

పాడి ఉన్నవాళ్లు ఈ సంగతులు గుర్తుపెట్టుకోండి:

* పాలలో నూటికి 87 వంతులు నీళ్లే. తొట్టిలో శుభ్రమైన నీళ్లు ఎప్పుడూ ఉంచండి. కుడితి పెట్టాం కదా అని సరిపెట్టుకోకండి.

* పొదుగు కడిగాక ఇంకో పనిమీదికి పోకుండా వెంటనే కూర్చుని, ఏడెనిమిది నిమిషాల్లో పూర్తిగా పిండెయ్యండి. చివర్న వచ్చే పాలలోనే వెన్న ఎక్కువ.

* పడుకుని నెమరేసేటప్పుడు పొదుగుకు రక్తం ఇంకా బాగా అందుతుంది. పొడినేల, నీడ ఉండాలి. ఎండలకు ఆవు మేత తగ్గిస్తుంది, ఒళ్లు చల్లబరచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, పాలూ తగ్గుతాయి.

* పాలల్లో విరుగుడు ముక్కలో రక్తపు చారలో కనిపించినా, పొదుగు వాచి వేడిగా ఉన్నా సొంత వైద్యం వద్దు, డాక్టరుకి చూపించండి.

* చేపడం లేదని ఎవరో ఇచ్చే ఇంజక్షన్లు పొడిపించకండి. పాలకోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే ఇంజక్షన్లివ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం.

బిడ్డకు పాలిచ్చే తల్లిని "రక్తాన్నే పాలుగా చేసి పెంచింది" అంటాం. ఆవు విషయంలో అది అక్షరాలా నిజం కదూ! ఇప్పుడు పాలగిన్నె ఒలికితే పొయ్యి తుడుచుకోవాలన్న విసుగుకంటే, ఆ మూగజీవం పడ్డ శ్రమే ముందు గుర్తొస్తోంది నాకు.