మోకాలి ముందు నుంచి పోయే బలం

హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగేటప్పుడు అడుగడుగునా మోకాలి కీలు మీద మనిషి బరువుకు మూడింతలకు పైగా భారం పడుతుంది. 60 కిలోల మనిషికి అది దాదాపు 200 కిలోలు. మోకాలు మడుచుకుపోకుండా తొడ ముందు కండరం బిగబట్టి లాగుతుంది; ఆ లాగుడు కూడా కీలునే నొక్కుతుంది. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో నేర్చుకునే టార్క్ లెక్కే ఇది.

పోలియో ఆ కండరాన్ని చచ్చుబడేలా చేస్తే పిల్లవాడు అడుగు మోపగానే కూలబడతాడు. అందుకని వెనకటి రోజుల్లో కాలికి ఊతంగా లోహపు కాలిపర్లు తొడిగేవారు. ఒక్కోటి 3 కిలోల పైమాటే. 20 కిలోల పిల్లవాడి కాలు మొత్తం తూగేదే సుమారు 3 కిలోలు! పైగా జడత్వ భ్రామకం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. తొడ దగ్గరి బరువు కన్నా, తుంటి నుంచి రెండింతల దూరంలో పాదం దగ్గరున్న అంతే బరువును ఊపడం నాలుగింతలు కష్టం.

ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా వెళ్తే కాంచన్‌బాగ్‌లో క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్ వస్తుంది. అక్కడ క్షిపణి కార్యక్రమాన్ని నడిపిన అబ్దుల్ కలాం ఈ కాలిపర్ల బరువు ఎలా తగ్గిందో పలుచోట్ల చెప్పారు. నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడొకరు ఆయన ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణి కోసం చేసిన పదార్థాన్ని ఎత్తి చూసి, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయారు. కలాంను ఆసుపత్రికి తీసుకెళ్లి కాళ్లీడుస్తున్న పిల్లలను చూపించారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్ తయారైంది.

అందరూ ఈ కథను బరువు దగ్గరే ఆపేస్తారు. నాకు అంతకన్నా గొప్పగా అనిపించేది అది పనిచేసే తీరు. దాన్ని ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్ అంటారు. చీలమండను కదలనివ్వదు, మోకాలి కింద, ముందువైపు ఒక పట్టా ఆనుతుంది. అడుగు మోపినప్పుడు నేల తిరిగి నెట్టే బలం మోకాలి ఇరుసుకు ముందు నుంచి పోతుంది. 200 న్యూటన్ల బలం 3 సెంటీమీటర్లు ముందుకు జరిగితే 6 న్యూటన్ మీటర్ల టార్క్ మోకాలిని నిటారుగా నిలబెడుతుంది. కండరం చేయాల్సిన పని నేల చేసిపెడుతుంది. ఇందులో మోటారు లేదు, స్ప్రింగు లేదు. అయితే పట్టా వంగిందంటే ఆ బలం మళ్లీ మోకాలి వెనక్కి జారిపోతుంది. పాలీప్రొపిలీన్‌లో గాజుపీచు కలిపేది అందుకే: తేలికగానూ ఉండాలి, వంగకూడదు.

ఒంట్లో పెట్టే లోహానికి మాత్రం అతి బిరుసుతనం పనికిరాదు. గట్టి ఎముక స్థితిస్థాపక గుణకం 20 గిగాపాస్కల్స్ లోపు, స్టీలుది 200, టైటానియం మిశ్రమానిది 110. భారమంతా లోహమే మోస్తే పక్కనున్న ఎముక పనిలేక పలచబడుతుంది. 1973లో కాంచన్‌బాగ్‌లోనే స్థాపించిన మిధాని (మిశ్ర ధాతు నిగమ్) సంస్థలో ఈ టైటానియం మిశ్రమాలు తయారవుతాయి.

మన దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది. అయినా సెరిబ్రల్ పాల్సీతో మోకాళ్లు వంచి నడిచే పిల్లలకు ఈ తరహా కాలిపర్లు ఇప్పటికీ కావాలి. కాలు ఎదిగినప్పుడల్లా కాలిపర్ ఇరుకవుతుంది; మళ్లీ కొలతలు, మళ్లీ అచ్చు, మళ్లీ ఖర్చు. ఇంజనీరింగ్ విద్యార్థులారా, పిల్లలతోపాటు పెరిగే కాలిపర్‌ను మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా తీసుకోండి.