ఖాళీ చేసిన గది, జేబులో పాత తాళంచెవి

సీ ల్యాబ్‌లో లింక్డ్ లిస్ట్ రాసే ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "ఫ్రీ చేశాక కూడా మార్కులు కరెక్టుగానే ప్రింట్ అవుతున్నాయిగా, ఇంకేంటి ప్రాబ్లం?" ప్రాబ్లం అదే. ఫ్రీ అంటే చెరిపేయడం కాదు, హాస్టల్ గది ఖాళీ చేశామని వార్డెన్‌కి చెప్పడం, అంతే. సామాను లోపలే ఉంటుంది. తాళంచెవి, అంటే పాయింటర్, మన జేబులోనే ఉంటుంది.

లినక్స్‌లో మామూలుగా వాడే జీలిబ్‌సీ అలొకేటర్ ఇప్పుడే ఖాళీ అయిన గదినే, అదే సైజు అడిగిన తర్వాతివాడికి ఇచ్చేస్తుంది. 2017లో వచ్చిన టీక్యాష్‌తో ఈ పని ఇంకా వేగంగా అవుతోంది. 64 బిట్ మెషీన్‌లో ఫ్రీ అయిన బ్లాక్ మొదటి 16 బైట్లను మాత్రం తన లెక్కలకు వాడుకుంటుంది. అందుకే ఒక్కోసారి పేరు చెడిపోయి, కింద మార్కులు భద్రంగా కనిపిస్తాయి! ఇప్పుడు ఆ గదిలోకి ఒక ఫంక్షన్ పాయింటర్ వచ్చి చేరిందనుకోండి. పాత తాళంచెవితో అక్కడ రాసినవాడు మన ప్రోగ్రాంని తన దారికి మళ్లించుకోగలడు. యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటే ఇదే.

దీనికి నాకు నచ్చిన మందు గ్రాఫీన్‌ఓఎస్ వాళ్ల హార్డెన్డ్ మాలాక్. సెట్టింగ్స్ బిల్డ్ చేసేటప్పుడే ఇవ్వాలి. తయారైన లైబ్రరీని ఎల్‌డీ ప్రీలోడ్‌లో పెడితే చాలు, మన కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

మొదటిది జీరో ఆన్ ఫ్రీ: ఖాళీ చేయగానే గదికి సున్నం కొట్టేస్తుంది. దానికి తోడు రైట్ ఆఫ్టర్ ఫ్రీ చెక్. చిన్న బ్లాక్‌ని మళ్లీ ఇచ్చేముందు అన్నీ సున్నాలేనా అని చూస్తుంది. గోడ మీద కొత్త మరక కనిపిస్తే ప్రోగ్రాంని అక్కడికక్కడే ఆపేస్తుంది. దొంగతనంగా రాసినవాడు దొరికినట్టే, కానీ ఊరికే చదివి వెళ్లినవాడు దొరకడు. వాడికి సున్నాలు మిగులుతాయి.

అసలు కిటుకు క్వారంటైన్‌లో ఉంది. ఫ్రీ అయిన బ్లాక్ ముందు ఒక ర్యాండమ్ అరేలో ఏదో ఒక చోట కూర్చుంటుంది. అక్కడినుంచి లేచిన పాతది ఒక క్యూలోకి వెళ్తుంది. క్యూ దాటాకే మళ్లీ వాడకానికి. కాబట్టి ఏ గది ఎప్పుడు ఎవరికి వస్తుందో బయటివాడు అంచనా వేయడం కష్టం. రెండింటి పొడవూ మామూలుగా 1. అది అతిపెద్ద సైజు క్లాస్‌కి మాత్రమే. చిన్నవాటికి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. అతిపెద్దది 16 కేబీ అయితే, 16 బైట్ల బ్లాకులకు ఆ 1 కాస్తా 1024 అవుతుంది.

పొడవు పెంచేకొద్దీ ర్యామ్ ఖర్చు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. మెషీన్ చిన్నదైతే లైట్ వేరియంట్ ఉంది. అందులో క్వారంటైన్, రైట్ చెక్ పోతాయి కానీ జీరో ఆన్ ఫ్రీ ఉంటుంది. నన్నడిగితే దాన్ని మాత్రం ఎప్పుడూ తీయొద్దు.

ఇంత చేసినా మన కోడ్‌లో బగ్ అలాగే ఉంటుంది సుమా! అది ఏ లైన్‌లో ఉందో పట్టుకోవడానికి అడ్రస్ శానిటైజర్ వాడాలి. దానికి మామూలుగానే 256 ఎంబీ క్వారంటైన్ ఉంటుంది, ఎక్కడ ఫ్రీ చేశామో, ఎక్కడ మళ్లీ ముట్టుకున్నామో రెండూ చూపిస్తుంది. రికార్డు సబ్మిట్ చేసేముందు ఒక్కసారి దాంతో రన్ చేసి చూడండి.