జూలై 14: ఫ్రాన్స్ జాతీయ దినోత్సవం – చారిత్రక నేపథ్యం

ఫ్రాన్స్ ప్రజలు ఏటా జూలై 14న జాతీయ దినోత్సవం జరుపుకొంటారు. ఇతర దేశాలలో దీనిని 'బాస్టిల్ దినం' అంటారు. ఫ్రాన్స్‌లో మాత్రం 'జాతీయ పండుగ' అనో, 'జూలై పద్నాలుగు' అనో పిలుస్తారు. ఈ పేర్లలో బాస్టిల్ కోట ప్రస్తావన లేదని గమనించండి. ఈ తేదీ వెనుక ఒకటి కాదు, రెండు సంఘటనలు ఉన్నాయి.

1. బాస్టిల్ పతనం (1789)

1789 మే 5న 16వ లూయీ ఎస్టేట్స్ జనరల్‌ను సమావేశపరిచాడు. జూన్ 17న మూడవ ఎస్టేట్ ప్రతినిధులు తమను జాతీయ సభగా ప్రకటించుకొన్నారు. రొట్టె ధర పెరిగి పారిస్ ప్రజలు అల్లాడుతున్న సమయంలో రాజు నగరం చుట్టూ సైన్యాన్ని దించాడు. జూలై 11న ప్రజాదరణ గల మంత్రి నెక్కర్‌ను తొలగించాడు. సభను సైన్యంతో అణచివేస్తారన్న భయం నగరమంతా వ్యాపించింది.

జూలై 14 ఉదయం ప్రజలు ఇన్వాలిడ్స్ భవనం నుంచి తుపాకులు తీసుకొన్నారు. తుపాకులు దొరికాయి గాని మందుగుండు చాలలేదు. అది బాస్టిల్‌లో ఉంది. కోటపై దాడికి తక్షణ కారణం ఇదే. ఖైదీల విడుదల కాదు. అప్పుడు అందులో ఉన్న ఖైదీలు ఏడుగురే. పోరులో దాడి చేసినవారు సుమారు వందమంది మరణించారు. లొంగిపోయిన కోట అధిపతి ద లోనేను గుంపు చంపివేసింది. విచారణ లేకుండా రాజాజ్ఞతో మనుషులను బంధించిన చోటు కాబట్టి, బాస్టిల్ పతనం నిరంకుశత్వ పతనానికి గుర్తుగా నిలిచింది.

2. సమాఖ్య ఉత్సవం (1790)

సరిగ్గా ఏడాది తరువాత పారిస్‌లోని షాన్ ద మార్స్ మైదానంలో జాతీయ సమైక్యత పేరిట ఉత్సవం జరిగింది. దేశం నలుమూలల నుంచి జాతీయ రక్షక దళాల ప్రతినిధులు వచ్చారు. లఫాయెట్ వారి తరఫున ప్రమాణం చేశాడు. రాజ్యాంగాన్ని కాపాడుతానని రాజు కూడా ప్రమాణం చేశాడు.

3. చట్టం (1880)

ప్రష్యాతో యుద్ధంలో ఓటమి నడుమ 1870లో మూడవ రిపబ్లిక్ ఏర్పడింది. 1871లో పారిస్ కమ్యూన్ అణచివేతలో వేలాదిమంది చనిపోయారు. ఆ గాయాలు మానని కాలంలో, 1880లో, బెంజమిన్ రస్పాయ్ జూలై 14ను జాతీయ పండుగగా ప్రతిపాదించాడు. రక్తపాతం జరిగిన రోజును పండుగ చేయడమేమిటని కొందరు సెనేటర్లు అభ్యంతరం చెప్పారు. చరిత్రకారుడైన సెనేటర్ హెన్రీ మార్టిన్ వారికి 1790 నాటి ఉత్సవాన్ని గుర్తుచేశాడు.

1880 జూలై 6న చట్టం వచ్చింది. అందులో తేదీ ఉంది గాని, ఏ సంవత్సరపు జూలై 14 అన్నది లేదు. తిరుగుబాటును గౌరవించేవారు 1789ని, సమైక్యతను కోరేవారు 1790ని స్మరించుకొనే వీలు కలిగింది. ఒక జాతి తన గతంలో దేనిని స్మరించుకోవాలన్నది కూడా చర్చించి తీసుకొనే రాజకీయ నిర్ణయమేనని దీనివల్ల మనకు తెలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1880 నాటి చట్టంలో సంవత్సరాన్ని పేర్కొనకపోవడం వల్ల కలిగిన ప్రయోజనమేమిటి?