డీజిల్ కారుకు తగిన ఇంజను ఆయిలు

నెల్లూరు సముద్రతీరమున ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, విడవలూరు ప్రాంతములలో వరి పొలము, రొయ్యల చెరువు గల రైతు ఇంట నేడు డీజిల్ ఇంజను ఒక్కటే ఉండదు. దొడ్డిలో ట్రాక్టరు, కరెంటు పోయినపుడు ఏరేటర్లు తిప్పుటకు చెరువు గట్టున జనరేటరు, వాకిట కారు ఉండును. అన్నింటికి పోయునది డీజిలే గనుక అన్నింటికి ఒకే ఆయిలు సరిపోవునని తోచుట సహజము. ట్రాక్టరుకు తెచ్చిన డబ్బాలో మిగిలినది కారులో పోసిన పొదుపనిపించును. కాని కారు 2020 ఏప్రిల్ 1వ తేదీ తరువాత వచ్చిన బి.యస్-6 రకమైనచో ఈ పొదుపు పెద్ద ఖర్చునకు దారి తీయును. కారణము తెలిసినచో సరియైన డబ్బా ఎన్నుకొనుట కష్టము కాదు.

ఆయిలు చేయు పని

ఇంజనులో ఇనుము ఇనుముతో ఒరసికొనకుండ ఆయిలు నడుమ సన్నని పొరగా నిలచును. పిస్టన్ల వేడిని కొంత మోసికొని పోవును. డీజిల్ మండగా పుట్టు మసిని తనలో కలుపుకొని ఒకచోట పేరుకొనకుండ చేయును. అందుచేతనే మార్చిన కొద్ది రోజులకే ఆయిలు నల్లబడును. నలుపు చూచి ఆయిలు చెడినదని అనుకొనరాదు. మసిని పట్టుకొని తన పని తాను చేయుచున్నదని దాని అర్థము.

డబ్బాపై చూడవలసిన రెండు గుర్తులు

మొదటిది చిక్కదనము. 15డబ్ల్యు-40, 5డబ్ల్యు-30 అని డబ్బాపై వ్రాసి ఉండును. డబ్ల్యు అక్షరము శీతకాలమునకు గుర్తు. దాని ముందరి అంకె చిన్నదైన కొలది చల్లని ఇంజనులో ఆయిలు త్వరగా పారును. వెనుకటి అంకె, ఆయిలు నూరు డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఉన్నపుడు ఎంత చిక్కగా నిలచునో తెలుపును.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఎండలకు పలుచని ఆయిలు ఆగునా అని మీరు అడుగవచ్చును. ఇంజను లోపలి వేడి బయటి ఎండకంటె ఎంతో ఎక్కువ. దానిని అదుపులో ఉంచుటకు రేడియేటరు, థర్మోస్టాటు ఉన్నవి. కారు చేసినవారు మన దేశపు ఎండలను కూడ లెక్కలోనికి తీసికొనియే చిక్కదనమును నిర్ణయింతురు. పుస్తకములో 5డబ్ల్యు-30 అని ఉండగా మరింత చిక్కని ఆయిలు పోసినచో సన్నని దారులలో అది ఆలస్యముగా పారును, డీజిల్ ఖర్చు కూడ పెరుగును.

రెండవది తరగతి. అమెరికా పెట్రోలియం సంస్థ గుర్తు ఎ.పి.ఐ. ఇందులో సి.హెచ్-4 అను తరగతి 1998లోను, సి.ఐ-4 2002లోను, సి.కె-4 2016లోను వచ్చినవి. ట్రాక్టర్లు, లారీలు, జనరేటర్లకు ఈ వరుసలోనివే ఎక్కువగా వాడుదురు. ఐరోపా కార్ల తయారీదారుల గుర్తు ఎ.సి.ఇ.ఎ. ఇందులో సి2, సి3 మొదలగునవి కొత్త కార్లకు ఉద్దేశించినవి. సి.ఐ-4, సి3 రెండును ‘సి’తోనే మొదలైనను అవి వేరు వేరు రకములు. ఒకదాని బదులు మరొకటి తీసికొనరాదు.

బూడిదతో వచ్చు చిక్కు

బి.యస్-6 డీజిల్ కార్లలో దాదాపు అన్నింటికి పొగగొట్టపు దారిలో మసిని పట్టే వడపోత పెట్టె ఉండును. మెకానిక్కులు దీనిని డి.పి.ఎఫ్. అందురు. ఇందులో చేరిన మసి, ఇంజను బాగుగా వేడెక్కినపుడు కాలిపోయి పెట్టె శుభ్రపడును. అయితే ఆయిలులో కలిపిన మందులలో కాల్షియము, మెగ్నీషియము, జింకు వంటి లోహములుండును. ఆయిలు కొద్ది కొద్దిగా ఇంజనులో కాలునపుడు వీని బూడిదయు అదే పెట్టెలో చేరును. పొయ్యిలో మిగిలిన బొగ్గు ఊదిన మరల మండును. బూడిద ఎంత ఊదినను మండదు. ఈ పెట్టెలోని మసికి, బూడిదకు గల తేడా ఇదియే.

అందుచేత సి2, సి3 ఆయిళ్లలో బూడిద నూటికి 0.8 పాళ్లకు, సి.కె-4లో 1 పాలుకు మించరాదని కట్టడి ఉన్నది. పాత తరగతులలో ఇంతకు మించి ఉండవచ్చును. పూర్వము డీజిల్‌లో గంధకము హెచ్చుగా ఉండెడిది. అది మండగా పుట్టు ఆమ్లమును విరుచుటకు అట్టి మందులు ఎక్కువగా కావలసివచ్చెను. గంధకము పది లక్షల పాళ్లకు బి.యస్-3 డీజిల్‌లో 350, బి.యస్-4లో 50, బి.యస్-6లో 10 పాళ్లు మాత్రమే అనుమతింపబడినది.

పాత ఆయిలు పోసిన మరునాడే కారు ఆగదు. అందువలననే చాలమంది మోసపోదురు. పెట్టె మెల్లగా పూడును, ఇంజను బలము తగ్గును, డీజిల్ ఎక్కువ త్రాగును. ఆయిలులో మిగిలిన సొమ్ము వందలలోనిది. పెట్టె మార్చవలసివచ్చినచో ఖర్చు వేలలో ఉండును.

తీరపు రైతులకు ప్రత్యేక జాగ్రత్తలు

ఇంటినుండి చెరువునకు నాలుగైదు కిలోమీటర్లే తిరిగెడి కారు పూర్తిగా వేడెక్కదు. మసి కాలదు. దానిని కాల్చుటకు అదనముగా చిమ్మిన డీజిల్ కొంత ఆయిలులోనికి దిగును. గేజి పుల్లపై మట్టము తగ్గుటే కాదు, పెరుగుటయు చెడ్డ సూచనయే. పెరిగినచో వెంటనే మెకానిక్కుకు చూపవలెను. అప్పుడప్పుడు జాతీయ రహదారిపై కొంత దూరము నిలకడైన వేగముతో నడుపుట మంచిది.

ఆరుబయట నిలువుగా ఉంచిన పీపాపై వాన నీరు నిలచును. పగటి వేడికి, రాత్రి చల్లదనమునకు పీపా ఊపిరి పీల్చినట్లు ఆ నీటిని బిరడాగుండా లోనికి లాగును. ఉప్పుగాలికి రేకు త్రుప్పు పట్టును. కనుక ఆయిలును కప్పు క్రింద, మూత బిగించి ఉంచవలెను. గేజి పుల్లపై ఆయిలు పాలవలె తెల్లబారినచో నీరు చేరినదని గ్రహించి ఇంజను ఆపవలెను.

కొనునపుడు, మార్చునపుడు

1. కారుతో ఇచ్చిన పుస్తకములోని చిక్కదనము, తరగతి రెండును కాగితముపై వ్రాసికొని దుకాణమునకు వెళ్లవలెను. తయారీదారు తన స్వంత ఆమోద సంఖ్య ఇచ్చినచో అదియు డబ్బాపై ఉండవలెను.

2. రంగు, ధర, ప్రకటన చూచి కొనరాదు. మూత సీలు, తయారీ తేదీ చూచి రసీదు తీసికొనవలెను.

3. చదునైన నేలపై, ఇంజను ఆపిన కొద్ది నిమిషములకు మట్టము చూడవలెను. రెండు గీతల నడుమ ఉండవలెను. పై గీతను మించి పోయరాదు.

4. పుస్తకములో చెప్పిన కిలోమీటర్లు, కాలము, వీనిలో ఏది ముందు వచ్చిన అప్పుడే ఆయిలును, ఫిల్టరును మార్చవలెను. తక్కువ తిరిగిన కారు గదాయని గడువు దాటనీయరాదు.

5. తీసిన ఆయిలును కాలువలోను, చెరువు గట్టునను పారబోయరాదు. మన రొయ్యలు బ్రతుకునది ఆ నీటిలోనే. దానిని డబ్బాలో పట్టి, తిరిగి సేకరించు వర్కుషాపునకు అప్పగించవలెను.

ఇంటిలో ట్రాక్టరు డబ్బాకు, కారు డబ్బాకు వేరు వేరుగా పెద్ద అక్షరములతో పేరు వ్రాసి ఉంచుకొనుడు. పొలమునకు తగిన విత్తనము ఎన్నుకొనుటలో చూపు శ్రద్ధయే ఇంజనుకు తగిన ఆయిలు ఎన్నుకొనుటలోను చూపినచో కారు చాలకాలము నమ్మకముగా పనిచేయును.